తెల్లపువ్వులో తెల్ల సాలీడు

మొన్న పొద్దున్న నందివర్ధనాలు కోస్తుంటే ఒక పువ్వు మీద తేనెటీగ కూర్చుని ఉంది. చెయ్యి దగ్గరకి పెట్టాను, ఎగరలేదు. ఇంకాస్త దగ్గరకి పెట్టాను, అయినా ఎగరలేదు. గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను. మనిషి చెయ్యి మీదికొస్తున్నా ఈగ కదలలేదంటే అది కూర్చోలేదన్నమాట, దాన్ని ఎవరో పట్టుకున్నారన్నమాట. ఈ సంగతి నాకు నేర్పినాయన పోయి చాలా ఏళ్ళయింది.

అనకాపల్లిలో ఆయన ఫోటోలు తీసేవాడు. పేరు రాయను. రాసినా మా ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టరు, ఎందుకంటే అందరికీ ఆయన ఫోటో సాయిబే. ఐదేళ్ళపాటు ఈ భూమ్మీద నేను అందరికంటే ఎక్కువ అసహ్యించుకున్న మనిషి ఆయన. ఎదురొస్తే పక్కసందులోకి తిరిగిపోయేదాన్ని. ఆయన పోయాడని తెలిసిన రోజు పొయ్యి మీద ఎసరు దించకుండా నా పని నేను చేసుకున్నాను. అంత కోపం ఎందుకో చెప్పాలంటే ముందు మా తవిటమ్మ గురించి చెప్పాలి.

నాకు మొదట పుట్టిన ఇద్దరూ పురుట్లోనే పోయారు. మూడోది ఆడపిల్ల. అది పుట్టిన మూడోనాడు మా అత్తగారు నన్ను ఒక్క మాటైనా అడక్కుండా దాన్ని చేటలో పడుకోబెట్టుకుని వెనకవీధి ఫోటో సాయిబు గారింటికి తీసుకెళ్ళి అమ్మేసింది. మా వైపు అది మామూలే. పిల్లలు నిలవని ఇంట్లో పుట్టినదాన్ని ఇంకో ఇంటికి సోలెడు తవుడుకి అమ్మేస్తే, ఇది వీళ్ళ పిల్ల కాదు కాబోలనుకుని మృత్యువు గుమ్మం దాటి పోతుందని నమ్మకం. సాయిబు గారి బీబీ మా అత్త కొంగులో తవుడు పోసి, "పిల్ల మాది, పెంపకం మీది" అంది. అనాల్సిన మాట అదే. పిల్ల మళ్ళీ నా పక్కలోకి వచ్చింది, తవుడు గేదె కుడితిలోకి పోయింది, దానికి తవిటమ్మ అన్న పేరు మిగిలింది.

సాయిబుల ఇల్లే ఎందుకని మా ఆయన అడిగాడు. "ఆ ఇంట నలుగురు పుడితే నలుగురూ నిలిసేరు. ఇంకెవులికి అమ్మమంటావురా?" అంది మా అత్త.

పేరొక్కటీ పెడితే సరిపోదు. ఆ పిల్లకి తల దువ్వకూడదు, కొత్తబట్ట కట్టకూడదు. శుభ్రంగా నీళ్ళు పోసి, తుడిచి, ముద్దు పెట్టుకోవాలనిపించే ఆ బుగ్గ మీద రోజూ నేనే బొటనవేలితో కుండమసి పులిమేదాన్ని. ఎంత వికారంగా ఉంటే అంత క్షేమం. ఇక ఫోటో మాట ఎత్తితే మా అత్త కర్ర పట్టుకునేది. ఫోటో తీసిన ప్రతిసారీ కెమెరాలో పెట్టే ఆ గాజుపలక మనిషి ఆయుష్షు కొంచెం పీల్చుకుంటుందని ఆవిడ నమ్మకం.

కొన్న హక్కుతో ఆయన మా గుమ్మంలోకి వస్తూనే "నా పిల్ల ఏదమ్మా?" అనేవాడు. పిల్ల నా కుచ్చెళ్ళ వెనకనుంచి తొంగి చూసేది. ఒకసారి, "నా పిల్లని ఒక్కపాలి తియ్యనియ్యక్కా, నా కొట్లో పెట్టుకుంటాను" అని మా అత్తని బతిమాలాడు.

"నీ తవుడు నీకు పోసేత్తాను సాయిబూ. ఇంకో ఇంటికి అమ్ముకుంటాను" అందావిడ. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు.

మా ఇంటికి ఆయన వచ్చేది ఫోటోలు తియ్యటానికే, కాని మనుషుల్ని కాదు. సాలీళ్ళని. ఊళ్ళో సగంమంది ఆయనకి మతి చలించిందనేవారు. మాది బెల్లం ఊరు. బజారు పొడుగునా బెల్లం దిమ్మలు, వాటిమీద తేనెటీగలు, కందిరీగలు. వాటికి కరువు లేని చోట వాటిని తినేవాటికీ కరువు లేదు. మా పెరట్లో బంతి, చేమంతి, గోడ పొడుగునా నందివర్ధనం. సాలీడంటే గూడు కట్టేదే నాకు తెలుసు. ఆయన వెతికే సాలీడు గూడు కట్టదు. పీతలా పక్కకి నడుస్తుంది. బంతిపువ్వులో పచ్చగా, నందివర్ధనంలో తెల్లగా, పువ్వులో పువ్వయిపోయి ముందుకాళ్ళు రెండూ చాపుకుని కూర్చుంటుంది. పచ్చదాన్ని తెచ్చి తెల్లపువ్వులో వదిలితే వారం పదిరోజులకి అదీ తెల్లబడుతుంది. ఇది నేను కళ్ళారా చూశాను. చూశాక చాలా రోజులు తల్లో పువ్వు పెట్టుకోలేదు.

మొదటిసారి ఆయన నాకు దాన్ని చూపించిన తీరు చెప్పాలి. నేను పువ్వులు కోసుకుంటున్నాను. సజ్జ సగం నిండింది. అప్పుడు నా మోచేతి పక్కనుంచి, "ఆ కొమ్మ ఒగ్గెయ్యమ్మా" అని మెల్లగా వినబడింది. చూస్తే మూరెడు దూరంలో ఆయన. కెమెరా మీద కప్పే నల్లగుడ్డ భుజానేసుకుని, ఆకుపచ్చ పూలచొక్కా వెలిసిపోయి ఆకుల రంగులోకి దిగిపోయి, ఊపిరైనా తీస్తున్నట్టు లేకుండా నిలబడి ఉన్నాడు. మా అత్త తలుపు తీసి పంపిందట. నేను అంతసేపూ ఆయన చుట్టూ తిరిగి పువ్వులు కోశాను, ఆయన కనబడలేదు. సజ్జ కింద పడేశాను.

"బయపెట్టీసేనేటి?" అన్నాడు. "సూడు. ఆ ఈగ ఎగరదేటి?"

చూశాను. పువ్వు మధ్యలో తేనెటీగ. దాని మెడ దగ్గర రేకు కొద్దిగా లావుగా ఉంది. ఆ లావుకి కళ్ళున్నాయి. రోజూ ఆ చెట్టు పువ్వులే దేవుడికీ, నా జడకీ.

ఆయన పద్ధతి ఎప్పుడూ ఒకటే. గాలి లేవకముందే, పొద్దున్నే వచ్చేవాడు. పువ్వు కాడ ఊగకుండా చిన్న పుల్ల పాతి దారంతో కట్టేవాడు. తిత్తి ఉన్న పెద్ద కెమెరాని దానిముందు ముక్కు ఆనేంత దగ్గరగా పెట్టి, నల్లగుడ్డలో తలదూర్చి మర తిప్పుతూ ఉండేవాడు. సాలీడు అద్దంలోకి చక్కగా వచ్చాక గుడ్డలోంచే "ఉన్నాది" అనేవాడు. తరవాత బయటికొచ్చి, కొట్లో పెళ్ళికూతురితో మాట్లాడినట్టే దానితో మాట్లాడేవాడు. "కదలకు తల్లీ." కెమెరా కంటి మీది మూత తీసి, పెదాలు కదలకుండా లెక్కపెట్టి, మూత పెట్టేవాడు. పలక పెట్టిన కాగితం కవరు మీద పెన్సిలుతో పువ్వు పేరు, పురుగు రంగు రాసి, చివర "ఉన్నాది" అని రాసుకునేవాడు.

ఒకసారి నన్ను ఆ గుడ్డలో చూడమన్నాడు. లోపల అంతా తలకిందులు. పువ్వు పైనుంచి వేలాడుతోంది, దానికింద చేతులు చాపి ఆ తెల్లది నాకేసే చూస్తోంది. అదొక్కటే గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. మిగతా పెరడంతా పొగ.

"మా ఇల్లేదీ?" అన్నాను.

"దేని మీద గురి పెడితే అదే ఉంటాదమ్మా. మిగతాదంతా అలా పొగైపోద్ది."

ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందని అడిగాను. చేమంతి మొక్క పక్కన గొంతుక్కూర్చుని చెప్పాడు. మునగపాకలో ఒక పెళ్ళికి వెళ్ళి, పెళ్ళికొడుకుని పూలదండతో నిలబెట్టి ఫోటో తీశాడట. రాత్రి పలక కడిగి చూస్తే దండలో, సరిగ్గా గొంతు దగ్గర, ఒక పువ్వుకి కాళ్ళున్నాయట. ఆ పెళ్ళికొడుకు నెల తిరక్కుండా జ్వరమొచ్చి పోయాడు.

"సాలీడు సంపిందనను. అదేటి సేత్తాది, ఈగని తింటాది. కానీ అది అక్కడున్నాది. పెళ్ళికి రొండొందలమంది వచ్చేరు. నేను గుడ్డలోంచి సూసేను. ఎవులికీ కనబడనేదు. అప్పట్నించి పువ్వు సూత్తే ముందు దాన్నే ఎతుకుతాను."

అప్పుడే తవిటమ్మ వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఆయన దాని చింపిరి జుట్టూ, చిరుగు గౌనూ, బుగ్గ మీద మసీ చూసి, "మీరూ దాసేత్తన్నారు కదమ్మా" అన్నాడు. "మీది మంచి పనే. ఈగ సాలీడుకి కనబడకుండా దాక్కుంటే బాగుణ్ణు. కానీ దాక్కోడం సాలీడుకే బాగా తెలుసు." నాకు ఆ మాట నచ్చలేదు. పిల్లని లోపలికి లాక్కుపోయాను.

విశాఖపట్నంలో బాంబులు పడ్డాయని జనం పిల్లాపాపల్తో మా ఊళ్ళోకి వచ్చిపడిన ఏడాది ఆయన కొట్టుకి తీరిక లేదు. ఎవరు బతుకుతారో ఎవరు చస్తారో అని అందరూ ఫోటోలు తీయించుకున్నారు. తరవాత పలకలు దొరకడం మానేశాయి. కొట్టు సగంరోజులు మూసే ఉండేది. అలాంటి రోజుల్లో, వానలు మొదలైన కొత్తల్లో, కెమెరా భుజానేసుకుని మా పెరట్లోకి వచ్చాడు.

"రెండే పలకలున్నాయి. ఒకటి ఈ తెల్లదానికి" అన్నాడు.

నందివర్ధనంలో ఆ చెట్టు మొత్తానికి లావైన సాలీడు పదిరోజులుగా మకాం వేసింది. ఆయన దారం కట్టాడు, కెమెరా పెట్టాడు. తవిటమ్మ చెట్టుకి అవతలివైపు, గోడకీ కొమ్మలకీ మధ్య నిలబడి ఆకుల్లోంచి చూస్తోంది. నాలుగేళ్ళ పిల్ల, కాని నిలబడిందంటే రెప్ప కూడా వెయ్యదు. వెనక వసారాలో బియ్యం ఏరుతున్న మా అత్త చేట పక్కన పెట్టింది.

"ఏటి సాయిబూ, ఆ ఎనకాల పిల్లున్నాది. పొటోలో పడదు గదా?"

"పడదక్కా. నా గురి సాలీడు మీద. ఎనకదంతా పొగే."

ఆయన గుడ్డలో చాలాసేపున్నాడు. మర ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "ఉన్నాది" అన్నాడు. బయటికొచ్చి "కదలకు తల్లీ" అన్నాడు. మూత తియ్యబోయి ఆగి, ఇంకా మెత్తగా మళ్ళీ "కదలకు తల్లీ" అన్నాడు.

"పురుగుకి రొండుమాట్లు సెప్పాలేటి? దానికి సెవులున్నాయా?" అంది మా అత్త. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. మూత తీసి, లెక్కపెట్టి, మూత పెట్టాడు. రెండో పలక వాడకుండానే వెళ్ళిపోయాడు.

తొమ్మిదో రోజున తవిటమ్మకి జ్వరం తగిలింది. మర్నాడు సాయంత్రానికి చూపు నిలబడిపోయింది. తెల్లారేసరికి పోయింది. నాలుగేళ్ళు దాచాను. పేరు దాచాను, ముఖం దాచాను, నా పిల్ల కాదన్నాను. మృత్యువు ఎలా కనిపెట్టిందో నాకు తెలీదు.

పిల్లని వసారాలో పడుకోబెట్టారు. ఆ రోజు మొదటిసారి దాని తల దువ్వాను. మసి తుడిచాను. తుడిచిన ముఖాన్ని చూస్తుంటే ఒక్కసారి భయం పట్టుకుంది. ఇంకో గంటలో ఇది ఉండదు. ఈ ముఖం ఇంకెక్కడా లేదు. నేను మర్చిపోతే ఇక అంతే. మా ఊళ్ళో పోయినవాళ్ళకి ఫోటో తియ్యడం మామూలే. ముసలివాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి మరీ తీసేవాళ్ళు, తీసేది ఆయనే. మా ఆయన్ని పరిగెత్తించాను. మా అత్త కూడా అడ్డుచెప్పలేదు. ఇంకా పీల్చుకోడానికి ఏముంది కనక.

ఆయన వచ్చాడు. చేతిలో కెమెరా లేదు. భుజాన నల్లగుడ్డ మాత్రం ఉంది. గుమ్మంలో "నా పిల్ల ఏదమ్మా" అనలేదు. పిల్ల దగ్గరకొచ్చి వంగాడు. ఎవరో పెరట్లోంచి నందివర్ధనాలు కోసుకొచ్చి దానిమీద వేశారు. మెడ దగ్గరున్న ఒక పువ్వుని వేళ్ళతో మెల్లగా తీసి, చూసి, గుప్పిట్లో మూసేశాడు. ఆ పువ్వులో ఏముందో నేను అడగలేదు. అడగక్కర్లేకపోయింది.

"ఒక్క ఫోటో తియ్యండి సాయిబుగారూ. మీ పిల్లే కదా" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు, మా అత్త ముఖంలోకి చూశాడు. తరవాత అన్నాడు.

"ఈ పిల్లని తియ్యక్కర్లేదమ్మా."

గుప్పిలి మూసుకునే వెళ్ళిపోయాడు.

తియ్యక్కర్లేదు. ఆ మాట నా చెవుల్లో ఎన్నేళ్ళు మోగిందో చెప్పలేను. తవుడుకి కొన్న ఆడపిల్లకి గాజుపలక దండగ కాబోలనుకున్నాను. వారం తిరక్కుండా రెండో పలక పెట్టి, ఒక వ్యాపారి తల్లి పోతే కుర్చీలో కూర్చోబెట్టి తీశాడని విన్నాను. నా కడుపు మండిపోయింది. ఆ తరవాత ఆయన మూడుసార్లు మా ఇంటికొచ్చాడు, చంకలో ఏదో పొట్లం పెట్టుకుని. మొదటిసారి మా అత్త గుమ్మంలో ఉంటే నీళ్ళు నమిలి వెళ్ళిపోయాడు. తక్కిన రెండుసార్లూ పెరటి తలుపు ముఖాన వేసి గడియపెట్టింది నేనే. తలుపు సందులోంచి చూస్తే అవతల ఆయన అలాగే, కదలకుండా, చాలాసేపు నిలబడి ఉన్నాడు. నాలుగోసారి రాలేదు.

భయపడినంతా అయింది. ఆరునెలలకే పిల్ల ముఖం నాకు సరిగ్గా రావడం మానేసింది. కళ్ళు మూసుకుంటే చింపిరి జుట్టు కనబడేది, గౌను కనబడేది, మధ్యలో పొగ. ఆ తరవాత నాకు ఇంకా ఇద్దరు పుట్టారు, నిలిచారు. వాళ్ళ ముఖాల్లో వెతికేదాన్ని. దొరికేది కాదు. పెరట్లో నందివర్ధనం నరికించెయ్యమంటే మా ఆయన నరికించలేదు.

ఆయన పోయిన నలభయ్యో రోజు అయ్యాక బీబీ వచ్చింది. మా అత్త అప్పటికి చూపు మందగించి వసారాలో మంచం మీద ఉండేది. బీబీ నన్ను పెరటి గుమ్మంలోకి పిలిచి, ఆయన నల్లగుడ్డలో చుట్టిన పలక తీసింది.

"ఇది నీకే ఇమ్మన్నారు. నువ్వు తలుపు తియ్యకపోతే గుమ్మంలో ఎట్టి వచ్చెయ్యమన్నారు."

వెలుతురుకేసి పట్టుకుని చూశాను. నందివర్ధనం పువ్వు నల్లగా, ఆకులు తెల్లగా. ఆ ఆకుల మధ్య తెల్ల జుట్టుతో, తెల్లటి కనుపాపలతో ఒక నల్లటి ముఖం నాకేసి చూస్తోంది. పలక జారిపోయేదే, బీబీ పట్టుకుంది.

"అలా కాదమ్మా. ఈ నల్లగుడ్డ మీద పెట్టి ఓరగా పట్టుకో."

పెట్టాను. కొంచెం వంచాను. ఒక్క క్షణంలో నలుపంతా తెలుపైంది, తెలుపంతా నలుపైంది. ఆకుల్లోంచి మా తవిటమ్మ చూస్తోంది. చింపిరి జుట్టు, రెప్ప వెయ్యని కళ్ళు. పెళ్ళికూతుళ్ళ ముఖాల మీద అమ్మవారి మచ్చల్ని కూడా పెన్సిలుతో మాయం చేసే మనిషి, దాని బుగ్గ మీద నా బొటనవేలి మసిని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాడు. ముందరున్న పువ్వూ, అందులో సాలీడూ, అదంతా పొగ. ఆయన గురి ఆ రోజు సాలీడు మీద లేదు. రెండోసారి "కదలకు తల్లీ" అన్నది సాలీడుతో కాదు.

తియ్యక్కర్లేదు అన్నాడు. అప్పటికే తీసేశాడు కనక.

"ఆ రోజే చెప్పొచ్చు కదా పిన్నీ" అన్నాను. ఏడుపులో నా మాట నాకే తెలియలేదు.

"ఎలా సెప్తారమ్మా? తీసిన తొమ్మిదోనాడు జొరమొచ్చింది. మీ అత్త ఇన్నాదంటే పొటో తీసి పిల్లని సంపేసేవంటాది. నీకొక్కదానికే సెప్దారని మూడుమాట్లు వచ్చేరు." బీబీ గొంతు తగ్గించింది. "మీ అత్త మాటెందుకు, ఆయనా అలాగే అనుకునీవోరు. మరి ఆ పెరట్లో అడుగెట్టనేదు. సాలీళ్ళని తియ్యడం ఆ రోజుతో మానేసేరు."

ఐదేళ్ళు. తలుపు అవతల ఆ మనిషి నిలబడితే నేను గడియ పెట్టుకుని ఇవతల నిలబడ్డాను. మధ్యలో చెక్క మందం దూరంలో నా పిల్ల ముఖం ఉంది. ఇది తల్చుకుంటే ఈనాటికీ నన్ను నేను క్షమించుకోలేను.

వసారాలోంచి మా అత్త గొంతు వినబడింది. "ఏటే కోడలా, బీబీ ఏదో తెచ్చిందేటి?"

బీబీ నా ముఖంలోకి చూసింది. నేను పలకని నల్లగుడ్డలో చుట్టేశాను.

"సాలీడు పొటో అత్తమ్మా. మన నందివర్ధనం మీద తీసేరు కదా, అది."

"ఇంకా ఆ పురుగులేనా" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

బీబీ వెళ్ళాక పలకతోపాటు ఇచ్చిన కాగితం కవరు చూశాను. అన్ని కవర్ల మీద రాసుకున్నట్టే దీనిమీదా పెన్సిలుతో రాసుకున్నాడు. మొదట పువ్వు పేరు. పురుగు రంగు రాయాల్సిన చోట వేరే మాట. చివర, ఎప్పటిలాగే, తన మాట.

"నందివర్ధనం. నా పిల్ల. ఉన్నాది."